డిమెన్షియా పరిశోధనలో ఖాళీ గడుల లెక్క

క్లుప్తంగా: డిమెన్షియా, అంటే మతి క్రమంగా క్షీణించే జబ్బు, బాగా ముదిరినవారు పరీక్షకు రాలేరు. వచ్చినా కొన్ని ప్రశ్నలకు జవాబివ్వలేరు. అధ్యయనం పూర్తికాకముందే కన్నుమూసేవారూ ఎక్కువే. ఈ జబ్బు గురించి ఎవరి సమాచారం అన్నిటికన్నా అవసరమో, డేటాలో వారి గడులే ఖాళీగా మిగులుతాయి. బయోస్టాటిస్టీషియన్ల, అంటే వైద్య డేటాను విశ్లేషించే గణాంక నిపుణుల, పనిలో పెద్ద వాటా ఆ ఖాళీల చుట్టూనే తిరుగుతుంది. కొత్త మందుల శాతాలు, దేశంలో రోగుల సంఖ్య, రక్తపరీక్షల కచ్చితత్వం వంటి అంకెలన్నీ ఆ ఖాళీలను ఎలా లెక్కలోకి తీసుకున్నారన్నదాన్ని బట్టి మారిపోతాయి.

## 27 శాతం అంటే ఎంత?

డిమెన్షియాకు ప్రధాన కారణమైన అల్జీమర్స్ జబ్బుకు లెకానెమాబ్ అనే మందు ఫలితాలు 2022 నవంబరు చివర్లో వెలువడినప్పుడు, జబ్బు 27 శాతం నెమ్మదించిందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. 18 పాయింట్ల స్కేలు మీద అర పాయింటు తేడా కూడా లేదని అదే ఫలితాన్ని చూసి పెదవి విరిచినవారూ ఉన్నారు. రెండు మాటలూ ఒకే పట్టికలోంచి వచ్చినవే.

క్లారిటీ ఏడీ అనే ఆ ట్రయల్‌లో తొలిదశ జబ్బున్న 1,795 మంది చేరారు. ఒక జట్టుకు రెండు వారాలకోసారి మందు ఎక్కించారు. రెండో జట్టుకు ప్లాసిబో, అంటే మందు లేని ద్రావణం ఎక్కించారు. 18 నెలల తర్వాత సీడీఆర్-ఎస్‌బీ అనే కొలమానంతో రెండు జట్లనూ పోల్చారు. జ్ఞాపకశక్తి, స్థలకాలాల స్పృహ, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం, బయటి వ్యవహారాలు, ఇంటిపని-అభిరుచులు, సొంత శుభ్రత అనే ఆరు అంశాలకు ఒక్కోదానికి 3 దాకా, మొత్తం 18 మార్కులు. మార్కులు పెరిగాయంటే జబ్బు పెరిగిందని అర్థం. రోగితోనూ, ఇంట్లో దగ్గరి మనిషితోనూ విడివిడిగా మాట్లాడి ఈ మార్కులు వేస్తారు.

మొదట్లో రెండు జట్ల సగటూ 3.2 దరిదాపుల్లో ఉంది. 18 నెలలకు ప్లాసిబో జట్టు 1.66 పెరిగింది, మందు జట్టు 1.21 పెరిగింది. తేడా 0.45. దాన్ని 1.66తో భాగిస్తే 27 శాతం, 18తో భాగిస్తే 2.5 శాతం. 18తో భాగించడంలో అర్థం తక్కువ. తొలిదశ రోగులు ఏడాదిన్నరలో స్కేలు చివరిదాకా వెళ్లరు. 27 శాతమని చెప్పి ఊరుకుంటే అసలు మార్పే చిన్నదన్న సంగతి మరుగున పడుతుంది. మూడో దారి కాలంలోకి మార్చడం. ప్లాసిబో జట్టులో 1.66 నెలనెలా సమానంగా పెరిగిందనుకుంటే నెలకు 0.092 అవుతుంది. ఆ వేగంతో 0.45 అంటే సుమారు 5 నెలలు. కుటుంబాలకు తేలిగ్గా అర్థమయ్యే అంకె ఇదే. అయితే అది 'సమానంగా పెరిగింది' అన్న ఊహ మీద నిలబడింది కాబట్టి ఆ ఊహను కూడా పక్కనే రాయాలి.

ఇక్కడే మరో పొరపాటు తరచూ జరుగుతుంది. ఒక రోగి స్కోరు 1 నుంచి 2 పాయింట్లు మారితే తప్ప తేడా తెలియదన్న ప్రమాణం ఒకటుంది. దాన్ని 0.45 పక్కన పెట్టి మందు దండగని తేల్చేస్తారు. ఆ ప్రమాణం ఒక మనిషిలో వచ్చే మార్పుకు సంబంధించింది. 0.45 రెండు జట్ల సగటుల మధ్య తేడా. పోల్చాలంటే ఏ జట్టులో ఎంతమంది 1 పాయింటు, ఆపైన దిగజారారో లెక్క తీయాలి.

చిన్న తేడాను పట్టుకోవడానికి పెద్ద ట్రయల్ ఎందుకు కావాలో కూడా ఇదే లెక్క చెబుతుంది. స్కోరు మార్పులో మనిషికీ మనిషికీ ఉండే తేడా, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 2 పాయింట్లు అనుకుందాం. 0.45 తేడా నిజంగా ఉంటే దాన్ని 90 శాతం సందర్భాల్లో పట్టుకోవాలంటే జట్టుకు కావాల్సింది 2 × 10.5 × 4 ÷ 0.2025, అంటే 415 మంది (10.5 అన్నది ఆ 90 శాతానికి వాడే స్థిరాంకం, 4 అంటే 2 వర్గం, 0.2025 అంటే 0.45 వర్గం). 20 శాతం మంది మధ్యలో మానేస్తారనుకుంటే 415ను 0.8తో భాగించాలి, 519 వస్తుంది. చాలా గ్రాంటు దరఖాస్తుల్లో 415కు 20 శాతం కలిపి 498 అని రాస్తారు. అందులో 20 శాతం పోతే మిగిలేది 398 మందే. ఇక ఆశించే తేడా సగానికి తగ్గితే మనుషులు నాలుగింతలు కావాలి. జట్టుకు సుమారు 1,660 మంది, అదీ మానేసేవారిని కలపకముందు.

## బృందంలో వీరి చోటు

డిమెన్షియా అధ్యయనంలో న్యూరాలజిస్టు, న్యూరోసైకాలజిస్టు, రేడియాలజిస్టు, ల్యాబ్ నిపుణులు, ఇంటింటికీ తిరిగే ఫీల్డ్ సిబ్బంది, రోగి వెంట వచ్చే కొడుకో కోడలో, అందరి చేతుల మీదుగా డేటా వస్తుంది. అమెరికాలోని అల్జీమర్స్ పరిశోధన కేంద్రాలు ఒక్కోదానిలో డేటా-గణాంక విభాగం తప్పనిసరి. వాటన్నిటి సమాచారాన్ని 1999లో మొదలైన జాతీయ సమన్వయ కేంద్రం సియాటిల్‌లో ఒకచోట చేరుస్తుంది. 2005 నుంచి అన్ని కేంద్రాలూ ఒకే ఫారాలు వాడుతున్నాయి.

గణాంక నిపుణుల పని ప్రశ్నను ఖరారు చేయడంతో మొదలవుతుంది. ఎవరికి మందు, ఎవరికి ప్లాసిబో అన్న జాబితా తయారుచేయడం, విశ్లేషణ ప్రణాళిక రాసి డేటా తెరవకముందే సంతకాలు చేయించడం ఆ తర్వాతి మెట్లు. మధ్యలో భద్రతా కమిటీకి అంకెలిచ్చే నిపుణులు మాత్రం వేరేవారై ఉండాలి. జాబితాలోనూ మెలకువ కావాలి. నలుగురేసి బ్లాకులుగా, ప్రతి బ్లాకులో ఇద్దరికి మందు వచ్చేలా చేస్తే, మొదటి ముగ్గురికి ఏం వచ్చిందో పసిగట్టిన నర్సుకు నాలుగోది ఇట్టే తెలిసిపోతుంది. అందుకే 4, 6, 8 బ్లాకులను కలగలిపి వాడతారు, ఆ సంగతి ఆసుపత్రులకు చెప్పరు.

## ఖాళీ గడిలో ఏముంది?

సియాటిల్ కేంద్రం ఫారాల్లో ఒక చిన్న ఏర్పాటు ఉంది. పరీక్ష పూర్తికాకపోతే గడిని ఖాళీగా వదలకూడదు, కారణం కోడు వేయాలి. 95 అంటే శారీరక ఇబ్బంది, 96 అంటే మతి లేదా ప్రవర్తన సమస్య, 97 అంటే ఇతర కారణం, 98 అంటే నోటిమాటగా నిరాకరించారని. చూపు ఆనక పరీక్ష చేయలేనివారు 95. ప్రశ్నే బుర్రకెక్కక చేయలేనివారు 96. మొదటి ఖాళీకి జబ్బుతో సంబంధం ఉండకపోవచ్చు. రెండోది జబ్బు ఎంత ముదిరిందో చెబుతున్న సమాచారం. రెండింటినీ 'డేటా లేదు' అని ఒకే గాటన కట్టేస్తే ముదిరిన రోగులు విశ్లేషణలోంచి జారిపోతారు, సగటు బాగున్నట్టు కనిపిస్తుంది.

ఇంకా మొరటు పొరపాటు కూడా జరుగుతుంటుంది. 30 మార్కుల పరీక్షలో 96ను స్కోరుగా తీసుకుని సగటు కట్టేస్తారు. 20 మందిలో 19 మందికి 22 చొప్పున వచ్చి, ఒకరి గడిలో 96 ఉంటే సగటు 25.7 అవుతుంది. 30 దాటలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ప్రతి నిలువు వరుసకూ కనిష్ఠం, గరిష్ఠం ముందు చూడటమే దీనికి మందు.

సమయం కొలిచే పరీక్షల్లో చిక్కు మరో రకం. అంకెలనూ అక్షరాలనూ మార్చిమార్చి గీతతో కలిపే ట్రెయిల్స్-బి పరీక్షను 300 సెకన్లకు ఆపేస్తారు. పూర్తిచేయలేనివారికి 300 అని పడుతుంది. వారికి నిజంగా పట్టే సమయం 310 కావచ్చు, ఎప్పటికీ పూర్తికాకపోవచ్చు. 300ను మామూలు అంకెగా తీసుకుంటే ముదిరినవారి క్షీణత ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఈ ఏడాది 300, వచ్చే ఏడాదీ 300, మార్పు సున్నా! దీన్ని '300, అంతకన్నా ఎక్కువ' అని గుర్తించే పద్ధతులతోనే విశ్లేషించాలి.

మధ్యలో మానేసినవారి సంగతి దీనికన్నా కష్టం. పాతరోజుల్లో చివరిసారి వచ్చిన స్కోరునే తర్వాతి విజిట్లన్నిటికీ వేసేసేవారు. 6వ నెలలో 4 స్కోరుతో మానేసిన రోగి నెలకు 0.1 చొప్పున దిగజారుతున్నాడనుకుంటే 18వ నెలకు 5.2 ఉండాలి. ఈ పద్ధతిలో 4 దగ్గరే నిలిచిపోతాడు. మందు జట్టులో వికారం, వాంతుల వల్ల ముందే మానేసేవారు ఎక్కువైతే ఆ జట్టంతా 'నిలకడగా' కనిపిస్తుంది. దుష్ప్రభావమే మందు గుణంగా లెక్కలో చేరుతుంది. క్షీణించే జబ్బుల్లో ఈ పద్ధతిని వదిలేయడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎమ్‌ఎమ్‌ఆర్‌ఎమ్ అనే మోడల్. ఒకరి విజిట్లన్నిటినీ కలిపి చూసి, ఇంతవరకూ అదే దారిలో నడిచిన మిగతావారిని బట్టి, రానివారి దారిని అంచనా వేస్తుంది. దీని ఊహ ఏమిటంటే, ఇప్పటిదాకా కనిపించిన స్కోర్లు ఒకేలా ఉన్న ఇద్దరిలో మానేసినవారికీ మిగిలినవారికీ తేడా ఉండదని. 12వ నెలలో ఇద్దరికీ 4 ఉంది. ఒకరు కొడుకు బదిలీ వల్ల ఊరు మారారు. మరొకరు జారిపడి తుంటి విరిగి మంచాన పడ్డారు. మోడల్‌కు ఇద్దరూ ఒకటే. రెండో వ్యక్తి స్కోరు మరింత వేగంగా పెరిగి ఉండవచ్చని కంప్యూటర్ చెప్పలేదు. ఆ సంగతి ఆసుపత్రి కోఆర్డినేటరుకు తెలుస్తుంది. గణాంక నిపుణులు అడగాలి.

అందుకే అసలు విశ్లేషణ పక్కన మరొకటి నడుపుతారు. మందు జట్టులో మానేసినవారి అంచనా స్కోర్లకు 0.1, 0.2, 0.3 అంటూ పెంచుకుంటూ పోయి, ఎక్కడ ఫలితం చెదిరిపోతుందో చూస్తారు. 0.2 దగ్గరే చెదిరితే ఆ ఫలితం పెళుసు. నమ్మశక్యం కానంత పెద్ద అంకె దాకా నిలిస్తే గట్టిది.

ఇవన్నీ చేసే ముందు తేల్చాల్సింది ఒకటుంది. మందు ఆపేసిన తర్వాతి స్కోర్లను లెక్కించాలా, వద్దా? 'మందు సూచిస్తే ఏమవుతుంది' అన్నది ప్రశ్న అయితే లెక్కించాలి. 'ఆపకుండా వాడితే ఏమయ్యేది' అన్నదైతే లెక్క వేరు. 2019 నవంబరులో ఖరారైన అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ ఈ9(ఆర్1) ఈ ప్రశ్నను ప్రోటోకాల్‌లోనే రాయమంటోంది. లెకానెమాబ్ లాంటి మందులతో ఇది మరీ అవసరం. క్లారిటీ ఏడీలో మందు జట్టులో 12.6 శాతం మందికి, ప్లాసిబో జట్టులో 1.7 శాతానికి మెదడు స్కాన్‌లో వాపు కనిపించింది. వాపు వస్తే డోసు ఆపవచ్చు, స్కాన్లు పెరుగుతాయి, ఇంట్లోవాళ్లు తమవారికి పడుతున్నది అసలు మందేనని ఊహించేస్తారు. ఆ ఇంట్లోవాళ్ల మాటల మీదే సీడీఆర్ మార్కులు ఆధారపడతాయి. అందుకే మార్కులు వేసేవారిని, భద్రత చూసే డాక్టర్లను వేరుగా ఉంచుతారు. వాపు కనిపించిన తర్వాతి స్కోర్లను తీసేసి కూడా ఒకసారి లెక్క కట్టి చూస్తారు.

## మరణాన్ని ఎక్కడ లెక్కించాలి?

80 ఏళ్లవారిని పదేళ్లు గమనిస్తే, డిమెన్షియా రాకముందే చాలామంది చనిపోతారు. మామూలు కప్లాన్-మేయర్ పద్ధతి వారిని 'మధ్యలో కనిపించకుండా పోయినవారు'గా లెక్కిస్తుంది. బతికి ఉంటే మిగతావారిలాగే వారికీ జబ్బు వచ్చే అవకాశం ఉండేదని భావిస్తుంది.

ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. 1,000 మందిలో మొదటి ఐదేళ్లలో 100 మందికి డిమెన్షియా వచ్చింది. ఆ ఐదేళ్ల చివరికి జబ్బు లేకుండానే 400 మంది చనిపోయారు. మిగిలిన 500 మందిలో తర్వాతి ఐదేళ్లలో మరో 100 మందికి జబ్బు వచ్చింది. నిజంగా జబ్బు వచ్చినవారు 1,000కి 200, అంటే 20 శాతం. కప్లాన్-మేయర్ ప్రకారం జబ్బు లేనివారి వాటా 0.9 × 0.8 = 0.72, అంటే జబ్బు 28 శాతం. పడకలు, సంరక్షకులు ఎంతమంది కావాలో ప్రభుత్వం ఈ 28తో లెక్కవేస్తే తప్పులో కాలేసినట్టే.

అలాగని ప్రతిచోటా మరణాన్ని కలిపిన లెక్కే సరైనదని కాదు. ఎంతమందికి జబ్బు వస్తుందన్న అంచనాకు అది సరైనది. రక్తపోటు జబ్బుకు కారణమా అన్న ప్రశ్నకు, బతికి ఉన్నవారిలో జబ్బు వచ్చే వేగాన్ని విడిగా చూడాలి. రెంటినీ కలగాపులగం చేస్తే పొగతాగడం డిమెన్షియా నుంచి కాపాడుతుందన్నట్టుగా వింత ఫలితాలు వస్తాయి. పొగతాగేవారిలో ఎక్కువమంది జబ్బు వచ్చే వయసుకు ముందే చనిపోతారన్నదే అందులోని మర్మం.

ఇంకో పొర కూడా ఉంది. విజిట్లు రెండు మూడేళ్లకోసారి జరిగితే, చివరి విజిట్‌లో బాగున్న మనిషి తర్వాతి విజిట్‌కు ముందే చనిపోవచ్చు. ఆ మధ్యకాలంలో జబ్బు వచ్చిందో లేదో ఎవరూ చూడలేదు. ఫ్రాన్స్‌లో 1988లో 65 ఏళ్లు దాటిన 3,777 మందితో మొదలైన పాకిడ్ అధ్యయనంలో ఈ సమస్య స్పష్టంగా ఎదురైంది. ఆరోగ్యం, జబ్బు, మరణం అనే మూడు స్థితుల మధ్య మారే వేగాలను కలిపి అంచనా వేసే మోడళ్లు అక్కడి గణాంక నిపుణుల చేతుల్లో బాగా పదునెక్కాయి.

## బడి మెట్లెక్కనివారికి పరీక్ష

'కళ్లు మూసుకోండి' అని రాసి ఉన్న కాగితం చూపించి, చదివి అలా చేయమనడం, ఒక వాక్యం రాయమనడం ఎమ్‌ఎమ్‌ఎస్‌ఈ అనే ప్రసిద్ధమైన 30 మార్కుల మతి పరీక్షలో భాగం. బడికి వెళ్లని 72 ఏళ్ల పెద్దావిడకు ఈ మార్కులు ఎలాగూ రావు. తేదీ ఎంతమ్మా అంటే ఆమె 'ఏకాదశి' అనవచ్చు. అది నిజంగా ఏకాదశే అయితే ఆమెకు కాలస్పృహ నిక్షేపంగా ఉన్నట్టే, కానీ ఫారంలో ఆ జవాబుకు గడి లేదు. చెవులు సరిగా వినపడకపోతే మూడు మాటలు గుర్తుంచుకునే ప్రశ్నలోనూ మార్కులు పోతాయి. ఏ జబ్బూ లేకుండానే ఆమె స్కోరు డిమెన్షియా గీత కిందికి జారిపోతుంది.

హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో భారత్-అమెరికా సంయుక్త అధ్యయనం కోసం 1990ల్లో రూపొందిన హిందీ పరీక్షలో ఈ ప్రశ్నలను మార్చారు. చదివి చేసే పనికి బదులు పరీక్షకుడు కళ్లు మూసుకుంటే చూసి అలా చేయడం, రాయడానికి బదులు ఇంటి గురించి ఒక మాట చెప్పడం, ఇంగ్లిషు పదం అక్షరాలను వెనక్కి చెప్పే బదులు వారాల పేర్లు వెనక్కి చెప్పడం పెట్టారు.

తెలుగులో మరో చిక్కుంది. ఇంగ్లిషు పరీక్షల్లో ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్పగలరో చూస్తారు. తెలుగులో 'ప' ఇస్తే 'పలక' చెల్లుతుంది. 'పిల్లి', 'పులి', 'ప్రాణం' చెల్లుతాయా? గుణింతాలను ఒప్పుకునే పరీక్షకులకూ ఒప్పుకోనివారికీ మధ్య ఒకే మనిషి స్కోరు సగానికి సగం మారవచ్చు. ఈ నియమం ఫీల్డ్ మాన్యువల్‌లో మొదటిరోజే రాసి ఉండాలి. సగం సర్వే అయ్యాక తేలితే, ఎవరు పరీక్ష చేశారన్నదాన్ని మోడల్‌లో పెట్టి సర్దడం తప్ప దారి లేదు. ఒక్కో కేంద్రానికి ఒక్కో పరీక్షకుడే ఉంటే అదీ కుదరదు, కేంద్రం ప్రభావం ఏదో పరీక్షకుడి ప్రభావం ఏదో విడదీయలేరు.

వయసు కూడా నమ్మకమైన అంకె కాదు. ఎందరో వృద్ధుల ఆధార్ కార్డుల్లో పుట్టిన తేదీ జనవరి 1. వయసు 60, 65, 70 అంటూ గుండుగుత్తగా పడుతుంది. 65 దాటాక డిమెన్షియా ముప్పు సుమారు ఐదేళ్లకోసారి రెట్టింపవుతుంది కాబట్టి, వయసులో ఐదేళ్ల పొరపాటు ముప్పును రెట్టింపో సగమో చేస్తుంది. దీనికి మేలైన ఉపాయం సంఘటనల పట్టిక. దివిసీమ ఉప్పెన నాటికి, అంటే 1977 నవంబరుకు, పెళ్లయిందా? పెద్దబిడ్డ పుట్టిందా? తెలంగాణ పల్లెల్లో ఇంకా పెద్దవారినైతే 1948 పోలీసు చర్య నాటికి ఊహ తెలుసా అని అడగవచ్చు.

జాతీయ స్థాయిలో ఈ చిక్కులన్నిటినీ ఎదుర్కొన్నది లాసీ-డాడ్ అనే డిమెన్షియా అధ్యయనం. 45 ఏళ్లు పైబడినవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72,250 మందితో సాగిన లాసీ అనే జాతీయ వృద్ధాప్య సర్వే నుంచి, 60 దాటిన 4,096 మందిని ఎంచి లోతుగా పరీక్షించారు. ఒక పరీక్షలో ఇన్ని మార్కులు తగ్గితే జబ్బు అనే గీత గీయకుండా, సమాచారమంతా ఆన్‌లైన్‌లో డాక్టర్ల ముందుంచి ఏకాభిప్రాయంతో నిర్ధారించారు. అలా నిర్ధారణ జరిగిన వారి నుంచి నేర్చిన మోడల్‌తో మిగతావారి స్థితిని అంచనా కట్టారు. 2023లో వెలువడిన ఫలితం ప్రకారం 60 దాటినవారిలో 7.4 శాతానికి, దేశంలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవారికన్నా ఆడవారిలో, పట్టణాలకన్నా పల్లెల్లో ఎక్కువ. ఆ తేడాలో జబ్బు ఎంత, చదువు లేకపోవడం వల్ల పరీక్షలో వచ్చిన తేడా ఎంత అన్నది విడదీయడం ఇప్పటికీ గణాంక నిపుణుల ముందున్న పెద్ద పని. సామర్థ్యం సమానంగా ఉన్న ఇద్దరిలో చదువుకోనివారికే కష్టమయ్యే ప్రశ్నలేవో ఒక్కొక్కటిగా వెతికి పట్టుకోవాలి.

ఇలాంటి సర్వేల్లో వెయిట్లు, అంటే నమూనాను జనాభా వాటాలకు సరిదిద్దే అంకెలు, మరిచిపోతే ఫలితం తలకిందులవుతుంది. లాసీ-డాడ్‌లో మతి తగ్గే ముప్పు ఎక్కువున్నవారిని కావాలనే జనాభాలో వారి వాటాకన్నా ఎక్కువగా తీసుకున్నారు. రోగులు తగినంతమంది దొరకాలంటే అదే మార్గం. ఒక ఉదాహరణ: ముప్పున్నవారు జనాభాలో 20 శాతం, నమూనాలో 50 శాతం అనుకుందాం. వారిలో 30 శాతానికి, మిగతావారిలో 2 శాతానికి జబ్బు ఉందనుకుందాం. నేరుగా సగటు కడితే 16 శాతం. జనాభా వాటాలతో కడితే 6 + 1.6, అంటే 7.6 శాతం.

## రెండు భాషలు, నాలుగున్నరేళ్లు

హైదరాబాద్ నిమ్స్ మెమరీ క్లినిక్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఇచ్చిన ఫలితం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. ఒకే భాష మాట్లాడేవారికన్నా రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. అంతకుముందు కెనడాలో జరిగిన ఇలాంటి అధ్యయనాల్లో ద్విభాషులు ఎక్కువగా వలస వచ్చినవారు. తేడా వలస వల్లా, భాష వల్లా అన్నది తేలేది కాదు. తెలుగు, ఉర్దూ, హిందీ ఒకే వీధిలో వినిపించే హైదరాబాద్‌లో వలసతో పనిలేకుండానే ద్విభాషులు దొరికారు. పైగా బడికి వెళ్లనివారిలోనూ తేడా కనిపించింది కాబట్టి ఇదంతా చదువు మహిమేనని కొట్టేయడానికి లేదు. ఊరి స్వరూపమే అధ్యయనానికి బలమైన సందర్భమిది.

అయినా గణాంకపరంగా ఒక ప్రశ్న మిగులుతుంది. క్లినిక్‌కు వచ్చినవారే డేటాలో ఉన్నారు. పల్లెలో ఒకే భాషతో బతికి, మతిమరుపు వయసు వల్లేనని ఇంట్లోనే ఉండిపోయిన వృద్ధులు ఏ పట్టికలోనూ లేరు. వారిలో ఎక్కువ వయసువారు ఇంట్లో ఉండిపోయి, తక్కువ వయసువారినే కుటుంబం హైదరాబాద్‌కు తీసుకొస్తే, ఏకభాషుల్లో జబ్బు ముందే వస్తున్నట్టు కనిపిస్తుంది. దీన్ని తేల్చాలంటే జబ్బు లేనివారితో మొదలుపెట్టి ఏళ్ల తరబడి గమనించాలి. బెంగళూరులోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రిసెర్చ్ కోలారు జిల్లా శ్రీనివాసపురలో పల్లెవాసులతో నడుపుతున్న సాన్‌స్కాగ్ లాంటి అధ్యయనాలు అందుకు పనికొస్తాయి. కన్నడతోపాటు తెలుగు ఇళ్లల్లో వినిపించే ప్రాంతం కావడం మరో సౌలభ్యం.

## రక్తపరీక్ష: ఎవరికి చేస్తే ఎంత నిజం

పీ-టావ్217 అనే ప్రొటీన్ ఆధారంగా పనిచేసే రక్తపరీక్షకు 2025 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తొలిసారి అనుమతిచ్చింది. అదీ 55 దాటి, లక్షణాలు ఉన్నవారికి మాత్రమే. ఆ షరతు ఎందుకో చిన్న లెక్క చెబుతుంది. ఒక పరీక్ష జబ్బున్నవారిలో 90 శాతాన్ని, లేనివారిలో 90 శాతాన్ని సరిగా గుర్తిస్తుందనుకుందాం. మెమరీ క్లినిక్‌కు వచ్చే 1,000 మందిలో 500 మందికి జబ్బుంటే, పాజిటివ్ వచ్చినవారు 450 + 50. అంటే పాజిటివ్ వస్తే 90 శాతం నిజం. అదే పరీక్షను 100 మందికే జబ్బున్న 1,000 మంది జనానికి చేస్తే పాజిటివ్‌లు 90 + 90. సగం తప్పు. పరీక్ష మారలేదు, మనుషులు మారారు. అందుకే లక్షణాలు లేనివారు హెల్త్ ప్యాకేజీలో భాగంగా ఇలాంటి పరీక్ష చేయించుకోవడం మంచిది కాదు. కిడ్నీ జబ్బున్నవారిలో ఈ ప్రొటీన్ స్థాయి అల్జీమర్స్ లేకపోయినా పెరుగుతుందన్నది గుర్తుంచుకోవాలి.

ల్యాబ్‌లో జరిగే పొరపాటు మరింత సూటిగా ఉంటుంది. నమూనాలను 96 గుంటల ప్లేట్లలో పరీక్షిస్తారు. ఒక్కో ప్లేటుకు రీడింగ్ కాస్త తేడాగా వస్తుంది. రోగుల నమూనాలన్నీ ముందొచ్చాయని ఒక ప్లేటులో, ఆరోగ్యవంతులవి తర్వాత మరో ప్లేటులో పెడితే, ప్లేటు తేడా ఏదో జబ్బు తేడా ఏదో ఎంత పెద్ద కంప్యూటరూ చెప్పలేదు. ప్రతి ప్లేటులో ఇద్దరివీ కలగలిపి ఉంచాలి. ఒకే మనిషి నమూనాలను కొన్నిటిని పేరు దాచి రెండేసి చోట్ల పెట్టాలి. ఫ్రీజర్‌లోంచి ఎన్నిసార్లు తీసి కరిగించారో రాయాలి. ఎమ్మారై స్కాన్లదీ ఇదే కథ. అధ్యయనం మధ్యలో ఆసుపత్రి స్కానర్ మారిస్తే, మెదడు ఆ రోజే కుంచించుకుపోయినట్టో పెరిగినట్టో కనిపిస్తుంది.

## నడిమధ్యలో చూస్తే

అడుకానుమాబ్ అనే మరో అల్జీమర్స్ మందు ఉదంతం ఈ రంగంలో అందరూ చదవాల్సిన పాఠం. ఎమర్జ్, ఎంగేజ్ అనే రెండు కవల ట్రయల్స్‌ను, కొనసాగించినా లాభం లేదన్న మధ్యంతర లెక్కతో 2019 మార్చిలో ఆపేశారు. ఆ లెక్క రెండు ట్రయల్స్‌లోనూ మందు ప్రభావం ఒకేలా ఉంటుందన్న ఊహ మీద నిలబడింది. అది 2018 డిసెంబరు దాకా ఉన్న డేటా. ఆ తర్వాతి నెలల డేటా కలిపేసరికి ఎమర్జ్‌లో ఎక్కువ డోసు 22 శాతం మేలు చూపింది, ఎంగేజ్‌లో ఏమీ చూపలేదు. ట్రయల్ నడుస్తుండగానే అల్జీమర్స్ ముప్పును పెంచే ఏపీఓఈ-4 జన్యువున్నవారి డోసు పెంచడం వల్ల, ముందు చేరినవారికీ తర్వాత చేరినవారికీ అందిన మందు వేరైంది. 2019 అక్టోబరులో కంపెనీ మాట మార్చింది. 2020 నవంబరులో ఎఫ్‌డీఏ సలహా కమిటీ వ్యతిరేకించింది, ఎఫ్‌డీఏలోని గణాంక సమీక్ష కూడా ఒప్పుకోలేదు. అయినా అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ తగ్గిందన్న ఆధారంతో 2021 జూన్‌లో అనుమతి వచ్చింది. 2024 జనవరిలో ఆ మందును వదిలేస్తున్నట్టు కంపెనీయే ప్రకటించింది.

ఉపజట్ల విషయంలో ఒత్తిడి వేరే రకంగా వస్తుంది. క్లారిటీ ఏడీలో మందు మగవారిలో 43 శాతం, ఆడవారిలో 12 శాతం నెమ్మదింపు చూపింది. ఆడవారికి పనిచేయదని తేల్చేయవచ్చా? ట్రయల్ పరిమాణాన్ని మొత్తం తేడా కోసం లెక్కించారు. రెండు సమాన ఉపజట్ల మధ్య అంతే పెద్ద తేడాను అదే నమ్మకంతో పట్టుకోవాలంటే నాలుగింతల మంది కావాలి. కాబట్టి ఇది తేలిన విషయం కాదు, తర్వాతి ట్రయల్ తప్పక అడగాల్సిన ప్రశ్న.

## 45 శాతం నివారించవచ్చా?

లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ వినికిడి లోపం, స్థూలకాయం లాంటి ముప్పు కారకాలను తొలగిస్తే డిమెన్షియా కేసుల్లో ఎన్నిటిని నివారించవచ్చో లెక్కకట్టి, 2017లో 9 కారకాలతో 35 శాతం, 2020లో 12 కారకాలతో 40, 2024లో 14 కారకాలతో 45 శాతం అంది. ఆ కారకాలు లోకంలో అసలే లేకపోతే తగ్గే కేసుల వాటా అది. ఒకరు వినికిడి యంత్రం పెట్టుకుంటే ఆ మనిషి ముప్పు 45 శాతం తగ్గుతుందని కాదు. పైగా ప్రతి కారకమూ నిజంగా కారణమేనన్న ఊహ అందులో ఉంది. ఇంగ్లండ్‌లోని వైట్‌హాల్-2 అధ్యయనం ఆ ఊహ ఎంత జారుడో చూపింది. 50 ఏళ్ల వయసులో స్థూలకాయం ఉన్నవారిలో తర్వాత డిమెన్షియా ఎక్కువ. కానీ జబ్బు నిర్ధారణకు ఎనిమిదేళ్ల ముందు నుంచే రోగుల బరువు మిగతావారికన్నా తగ్గుతూ వచ్చింది. కొద్ది ఏళ్లే గమనించే అధ్యయనాల్లో బక్కగా ఉండటమే ముప్పన్నట్టు కనిపించడానికి ఇదొక కారణం. జబ్బే బరువును తగ్గిస్తోంది.

## డేటా మూసే ముందు వారం

డేటాబేస్‌ను మూసి తాళం వేసే ముందు గణాంక విభాగం ప్రతి కేంద్రానికీ ఒక జాబితా పంపుతుంది. అందులో సగటులూ పీ-విలువలూ ఉండవు. రోగి నంబరు, విజిట్ తేదీ, ఖాళీగా ఉన్న గడి, దాని పక్కన కారణం కోడు, అంతే. కోఆర్డినేటర్ ఫోను తీసుకుని ఒక్కో ఇంటికీ చేస్తారు. పోయిన విజిట్‌లో పెద్దాయన ట్రెయిల్స్ పరీక్ష వద్దన్నారని ఫారంలో ఉంది, కోడు 998 (సెకన్లతో కలిసిపోకుండా ట్రెయిల్స్‌లో కోడుకు ముందు 9 చేరుస్తారు). ఆ రోజు ఏం జరిగిందమ్మా అని అడిగితే కోడలు చెబుతారు: కాగితం చేతికిచ్చాక ఏం చేయాలో ఆయనకు తోచలేదు, రెండుసార్లు చెప్పించుకున్నారు, ఇక చిన్నతనమనిపించి పెన్సిల్ పక్కన పెట్టి వద్దన్నారు. ఆ మాట పరీక్షకుడు అదే రోజు రాసుకున్న నోటుతో సరిపోతే, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు అన్నది నమోదై ఆ గడిలో 998 పోయి 996 పడుతుంది.